సూక్ష్మ శైవలాలు తమ జతను ఎలా కనిపెడతాయి? రసాయన సంకేతాలపై ఒక వివరమైన సమాధానం

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. రెండుగా చీలి హాయిగా పెరగగలిగే ఏకకణ శైవలాలకు లైంగిక ప్రత్యుత్పత్తితో పనేమిటి? కన్నూ ముక్కూ నాడీ వ్యవస్థా ఏవీ లేని కణం అంత నీటిలో తన జతను ఎలా పోల్చుకుంటుంది? దగ్గరి జాతులెన్నో ఒకే నీటిలో ఉన్నప్పుడు ఈ సంకేతాలు కలగాపులగం కావా? వీటిలో రెండో ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ముగిస్తాయి: ఒక కణం ఫెరోమోన్‌ను, అంటే సాటి కణానికి సంకేతమయ్యే రసాయనాన్ని, విడుదల చేస్తుంది, రెండోది దాని వైపు ఈదుకుంటూ వస్తుంది. ఈ వాక్యం తప్పు కాదు కానీ, దీనివల్ల అసలు సంగతి మరుగున పడిపోతుందని నా అభిప్రాయం. సూక్ష్మ శైవలాలను కల్చర్లలో పెంచుతూ, వాటి మీద వచ్చిన పరిశోధనలను అనుసరిస్తూ వచ్చిన నాకు బలంగా తోచేది ఏమిటంటే, ఈ రసాయనాల ముఖ్యమైన పని ఆకర్షించడం కంటే ముందే మొదలవుతుంది. రెండు కణాలనూ ఒకే సమయానికి ఒకే స్థితికి తేవడం వాటి తొలి బాధ్యత. ఆకర్షణ ఆ తర్వాతి మెట్టు, కొన్ని జాతుల్లో ఆ మెట్టు అసలు లేనే లేదు.

మొదటి ప్రశ్నను త్వరగా ముగిస్తాను. పరిస్థితులు బాగున్నంత కాలం సూక్ష్మ శైవలాలు దాదాపుగా సమవిభజనతోనే వృద్ధి చెందుతాయి. రోజుకు ఒకసారో అంతకంటే ఎక్కువసార్లో విభజన చెందే జాతులు చాలా ఉన్నాయి. లైంగిక ప్రత్యుత్పత్తికి దిగిన కణం ఆ విభజనలను వదులుకోవాలి, సంయోగబీజాలను, అంటే జతతో కలిసిపోయే లైంగిక కణాలను, తయారుచేసుకోవాలి, జత దొరకకపోతే ఆ శ్రమంతా వృథా అవుతుంది. అంత ఖర్చుకు ప్రతిఫలంగా జన్యువుల కొత్త కలయికలు లభిస్తాయన్నది అందరికీ తెలిసిందే. అంతగా చర్చకు రాని రెండో ప్రయోజనం ఒకటుంది: సంయోగం వల్ల ఏర్పడే సంయుక్తబీజం మామూలు కణం చేయలేని పనిని చేయగలదు. మంచినీటి ఆకుపచ్చ శైవలాలు చాలావాటిలో అది మందమైన గోడ కట్టుకుని ఎండనూ చలినీ నీటి ఎద్దడినీ తట్టుకునే విశ్రాంతి దశ అవుతుంది. డయాటమ్‌లు అనే ఏకకణ శైవలాలలో అది కోల్పోయిన పరిమాణాన్ని తిరిగి తెచ్చుకునే దశ అవుతుంది.

డయాటమ్‌ల విషయం కొంచెం వివరించాలి, ఎందుకంటే భూమి మీద జరిగే కిరణజన్యసంయోగక్రియలో దాదాపు ఐదో వంతు వీటిదే, పైగా ఈ అంశంలో గత కొన్నేళ్లలో వచ్చిన మంచి పరిశోధనల్లో చాలా భాగం వీటి మీదే జరిగింది. డయాటమ్ కణం చుట్టూ సిలికాతో చేసిన గట్టి కవచం ఉంటుంది. పెట్టె మీద మూత కూర్చున్నట్టు ఒక ఫలకం మరోదాని మీద కొద్దిగా కప్పుకుని ఉంటుంది. విభజన జరిగినప్పుడు ఒక్కో పిల్లకణం ఒక్కో పాత ఫలకాన్ని తీసుకుని, కొత్త ఫలకాన్ని ఎప్పుడూ దాని లోపలి వైపునే నిర్మించుకుంటుంది. అందుచేత చిన్న ఫలకాన్ని తీసుకున్న పిల్లకణం తల్లి కంటే చిన్నదవుతుంది, తరాలు గడిచేకొద్దీ సమూహపు సగటు పరిమాణం తగ్గిపోతూ వస్తుంది. ఈ సూత్రాన్ని మెక్‌డొనాల్డ్, ఫిట్జర్ అనే ఇద్దరు 1869లో విడివిడిగా ప్రతిపాదించారు. చాలా జాతుల్లో ఈ క్షీణత నుంచి బయటపడే ప్రధాన మార్గం లైంగిక ప్రత్యుత్పత్తి. సంయుక్తబీజం పాత కవచాన్ని విడిచి, సాగే గుణమున్న పొరతో ఆక్సోస్పోరుగా ఉబ్బి, ఆ జాతికి తగిన పూర్తి పరిమాణంతో కొత్త కవచం కట్టుకుంటుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కణం ఒక హద్దు కంటే చిన్నదయ్యేదాకా లైంగిక సంకేతాలకు స్పందించదు. ఆ హద్దు జాతిని బట్టి మారుతుంది. అంటే జతకు తగిన వయసు వచ్చిందా లేదా అన్నది ఈ కణాల్లో పరిమాణమే నిర్ణయిస్తుంది.

ఇక రెండో ప్రశ్నకు వస్తే, ముందు నీటిలో ఒక అణువు ఎంత దూరం, ఎంత సేపట్లో వెళ్లగలదో లెక్క చూసుకోవాలి. ఈ లెక్క వేసుకోకుండా ఫెరోమోన్‌ల గురించి ఎంత మాట్లాడుకున్నా అది గాలిలో మాటే అవుతుంది. ప్రవాహం లేని నీటిలో చిన్న అణువు విసరణ ద్వారా 100 మైక్రాన్ల దూరం చేరడానికి సుమారు 5 సెకన్లు పడుతుంది. దూరం పది రెట్లు పెరిగితే కాలం వంద రెట్లు పెరుగుతుంది కాబట్టి, 1 మిల్లీమీటరుకు 8 నిమిషాలకు పైగా, 1 సెంటీమీటరుకు దాదాపు 14 గంటలు పడుతుంది. సంకేతం ప్రోటీనైతే అది ఇంకా నెమ్మదిగా కదులుతుంది. దూరం పెరిగేకొద్దీ గాఢత కూడా త్వరత్వరగా పడిపోతుంది. కాబట్టి ఒక్క కణం విడుదల చేసే ఆకర్షక పదార్థం దిక్కు చూపగలిగేది మహా అయితే మిల్లీమీటరులో కొంత భాగం దూరం నుంచే. అంతకంటే దూరంలో ఉన్న జతను రప్పించే శక్తి దానికి లేదు. కణాలు ముందే దగ్గరగా చేరి ఉండాలి, అవి దగ్గరగా ఉన్న ఆ కొద్ది సమయంలోనే రెండూ సిద్ధంగా ఉండాలి. సమయాన్ని కలపడం ఎందుకంత ముఖ్యమో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

దీనికి ఇప్పటివరకు దొరికిన అత్యుత్తమ ఉదాహరణ సెమినావిస్ రోబస్టా అనే సముద్రపు డయాటమ్. ఇది అడుగున ఉండే బురద మీదా, నీటి మొక్కల మీదా పలచని పొరగా పెరుగుతుంది. పడవ ఆకారంలో ఉంటుంది, ఈదడానికి పనికొచ్చే కొరడాల వంటి కశాభాలు ఉండవు. కవచంలో ఉన్న సన్నని చీలిక గుండా జిగురు పదార్థాన్ని స్రవిస్తూ నేలను అంటిపెట్టుకుని సెకనుకు కొన్ని మైక్రాన్ల చొప్పున జారుతుంది. ఇందులో ప్లస్, మైనస్ అని రెండు సంగమ రకాలున్నాయి, చూపుకు రెంటికీ తేడా తెలియదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో విమ్ వైవర్మన్ బృందం, జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో గియోర్గ్ పోనర్ట్ బృందం కలిసి దీని రసాయన సంభాషణను ఒక్కొక్క మెట్టుగా విప్పి చూపాయి.

పొడవు సుమారు 50 మైక్రాన్లకు తగ్గిన ప్లస్ కణం ఒక సంకేతాన్ని నీటిలోకి వదులుతుంది. ఇది ఎవరినీ ఆకర్షించదు. మైనస్ కణం దీన్ని గ్రహించగానే చేసే మొదటి పని తన విభజన చక్రాన్ని నిలిపివేయడం. డీఎన్‌ఏ ప్రతి తయారీకి ముందుండే దశలోనే అది ఆగిపోతుంది. సంయోగబీజాలను ఇవ్వవలసిన కణం మామూలు విభజన మధ్యలో ఉండకూడదు కాబట్టి ఇలా ఆగడం చాలా అవసరం. 2016లో వెలువడిన పరిశోధన ప్రకారం ఈ స్పందనలో సైక్లిక్ జీఎంపీ అనే అంతర్గత వార్తాహరి అణువుకు సంబంధించిన ఎంజైములు పాల్గొంటాయి. ఆ వెంటనే మైనస్ కణంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం తయారీ పెరుగుతుంది. రెండు ప్రోలిన్ అణువులు వలయంగా కలిసిన డైప్రోలిన్ అనే చిన్న పదార్థాన్ని ఆ కణం విడుదల చేస్తుంది. ఆకర్షణ ఫెరోమోన్ ఇదే. దీని నిర్మాణం 2013లో తేలింది. డయాటమ్‌లలో నిర్మాణం తెలిసిన మొట్టమొదటి లైంగిక ఫెరోమోన్ ఇది.

సంభాషణ రెండో వైపు నుంచి కూడా సాగుతుంది. మైనస్ కణాలు తమ వంతుగా మరో సంకేతాన్ని వదులుతాయి, దాన్ని అందుకున్న ప్లస్ కణాలు మాత్రమే డైప్రోలిన్‌కు స్పందించగలుగుతాయి. అంటే డైప్రోలిన్ ఎంత ఉన్నా, సిద్ధం కాని ప్లస్ కణానికి అది అర్థం లేని అణువే. ఈ విషయాన్ని పరిశోధకులు చక్కగా నిరూపించారు. డైప్రోలిన్ పట్టించిన సూక్ష్మ గుళికలను కల్చర్‌లో ఉంచితే, ముందుగా మైనస్ సంకేతంతో సిద్ధమైన ప్లస్ కణాలు వాటి చుట్టూ గుమిగూడాయి. దగ్గర్లో మైనస్ కణం ఒక్కటీ లేకపోయినా, ఆ గుళికనే జతగా భావించి అక్కడికి చేరాయి.

ఈ కణాలను సూక్ష్మదర్శినిలో చూసినవారికి తర్వాతి దృశ్యం బాగా తెలుసు. అంతవరకు ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉన్న ప్లస్ కణం ఒక మైనస్ కణం దగ్గర నెమ్మదించి, దాని పక్కనే పొడవుగా ఒరుసుకుని ఆగుతుంది. రెండూ కొంతసేపు అలాగే అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ తర్వాత రెండింటి కవచాలూ తెరుచుకుంటాయి. క్షయకరణ విభజన ముగిసిన ఒక్కో కణంలో రెండేసి గుండ్రని సంయోగబీజాలు కనిపిస్తాయి. ఇటువి అటువాటితో కలిసి రెండు సంయుక్తబీజాలు ఏర్పడతాయి. అవి సాగి, తల్లిదండ్రుల ఖాళీ కవచాల పక్కనే, వాటి కంటే ఎంతో పొడవైన ఆక్సోస్పోర్లుగా మారతాయి. ఖాళీ ఫలకాలనూ, వాటి పక్కన సాగుతున్న ఆక్సోస్పోరునూ ఒకే చూపులో చూస్తే పరిమాణపు తేడా ఎంతటిదో కళ్లకు కడుతుంది.

ఇదే జాతి మీద జరిగిన మరో రెండు రకాల పరిశోధనలను కూడా చెప్పాలి, ఎందుకంటే అవి ఫెరోమోన్‌ను ఒంటరిగా చూడకూడదని నేర్పుతాయి. కవచానికి సిలికా కావాలి కాబట్టి, సిలికా కరువులో ఉన్న కణాలు నీటిలో కరిగిన సిలికేట్ ఉన్న వైపు కదులుతాయని 2016లో వెల్లడైంది. అంటే ఒకే కణానికి ఆహారం వైపు ఒక పిలుపు, జత వైపు ఒక పిలుపు ఉంటాయి. 2019లో జరిగిన పరిశీలనలో తేలింది ఏమిటంటే, కణం తన స్థితిని బట్టి, అంటే తనకు ఏది ఎక్కువ కొరతగా ఉందో, జతకు తాను పక్వమైందో లేదో అన్నదాన్ని బట్టి, తన మొగ్గును మార్చుకుంటుంది. రెండోది బాక్టీరియా సంగతి. ప్రకృతిలో డయాటమ్ ఎప్పుడూ బాక్టీరియా మధ్యనే జీవిస్తుంది. 2018లో పోనర్ట్, వైవర్మన్ బృందాలు రోసియోవేరియస్ జాతి బాక్టీరియా ఉన్నప్పుడు సెమినావిస్ లైంగిక ప్రత్యుత్పత్తి మెరుగుపడుతుందనీ, మారిబాక్టర్ జాతి ఉన్నప్పుడు తగ్గుతుందనీ చూపాయి. మీరు ఎప్పుడైనా ఇలాంటి ప్రయోగం చేస్తూ, ఒకే తెగల జతతో ఒకసారి వచ్చిన ఫలితం మరోసారి రాకపోతే, కణాలను అనుమానించే ముందు ఆ కల్చర్‌లోని బాక్టీరియాను అనుమానించండి.

అన్ని డయాటమ్‌లూ ఇదే పద్ధతిలో నడవవు. సూడోస్టారోసైరా ట్రైనోరి అనే జాతిలో స్త్రీ కణాలు విడుదల చేసే ఒక పదార్థం పురుష కణాలను సంయోగబీజాల తయారీకి దింపుతుంది. పురుష కణాలు వదిలే రెండో పదార్థం స్త్రీ కణాలను సిద్ధం చేస్తుంది. ఆ తర్వాత మూడో పదార్థం పురుష సంయోగబీజాలను రప్పిస్తుంది. అక్కడి పురుష సంయోగబీజాలకు కశాభాలు లేవు, అవి అమీబాలా కదులుతూ సన్నని దారాల వంటి పోగులను చాస్తాయి. పదార్థాలు వేరు, కణాలు వేరు, అయినా వరుస అదే: ముందు ఇద్దరినీ సిద్ధం చేయడం, ఆ తర్వాతే పిలవడం. తేలియాడే డయాటమ్‌ల పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే అవి నేల మీద ఒకచోట చేరి ఉండవు. నేపుల్స్‌లోని అంటోన్ డోర్న్ సముద్ర పరిశోధనా కేంద్రంలో విస్తృతంగా అధ్యయనం చేసిన సూడోనిట్జ్‌షియా మల్టీస్ట్రియేటాలో కణాల సాంద్రత తగినంత ఉంటేనే సంగమం జరుగుతుంది. నేపుల్స్ అఖాతంలో ఆ జాతి లైంగిక ప్రత్యుత్పత్తికి రెండేళ్ల ఆవర్తనం కనిపిస్తుందని 2010లో తేలింది. 2018లో ఆ జాతిలో సంగమ రకాన్ని నిర్ణయించే జన్యువును కూడా గుర్తించారు. గుండ్రని డయాటమ్‌లలో అండమూ, ఒకే కశాభం గల పురుషబీజమూ ఉంటాయి. వాటిలో ఒకటైన థలాసియోసైరా సూడోనానా ఎన్నో ఏళ్ల పాటు అలైంగికంగానే పెరుగుతుందని భావించిన జాతి. 2017లో అమ్మోనియం లవణం దానిలో లైంగిక దశను ప్రేరేపిస్తుందని కనుగొన్నారు. బయటి పరిస్థితి పెట్టే షరతు కూడా సంకేతమే అని ఇలాంటి ఉదాహరణలు గుర్తుచేస్తాయి.

సమయాన్ని కలిపే పనిని ఒకే అణువు ఎంత బాగా చేయగలదో చూడాలంటే వాల్వాక్స్ కార్టెరీని మించిన జీవి లేదు. కశాభాలున్న సుమారు 2000 చిన్న కణాలు గోళంగా అమరి, లోపల 16 వరకు పెద్ద ప్రత్యుత్పత్తి కణాలతో అర మిల్లీమీటరు, ఆ పైన వ్యాసంతో ఉండే మంచినీటి శైవలం ఇది. పురుష గోళాలు వదిలే లైంగిక ప్రేరకం చక్కెరలు అతుక్కున్న ఒక ప్రోటీను, దాని అణుభారం సుమారు 30,000. ఇది లీటరు నీటిలో 6 కోట్ల అణువుల స్థాయిలో, నిజానికి అంతకంటే కొంత తక్కువలో కూడా, పనిచేస్తుంది. 6 కోట్లు అనగానే పెద్ద సంఖ్యలా అనిపిస్తుంది కాబట్టి లెక్క వేసి చూడండి. ఒక మైక్రోలీటరులో అవి 60 అణువులే. అర మిల్లీమీటరు వ్యాసమున్న గోళం ఆక్రమించే నీటిలో సగటున నాలుగు అణువులు ఉంటాయి. జీవశాస్త్రంలో ఇంత తక్కువ గాఢతలో పనిచేసే ప్రేరకాలు చాలా అరుదు.

ఈ ప్రేరకం ఎవరినీ ఎటూ రప్పించదు. ఇంకా చీలడం మొదలుపెట్టని ప్రత్యుత్పత్తి కణం మీద ఇది పనిచేసి, ఆ కణం నుంచి పుట్టబోయే పిల్ల గోళం తీరును మారుస్తుంది. స్త్రీ తెగలో ఆ పిల్ల అండాలతో, పురుష తెగలో పురుషబీజాల కట్టలతో పుడుతుంది. తల్లి గోళం తల్లిగానే మిగిలిపోతుంది. అంటే నిర్ణయం ఒక తరంలో జరిగి, ఫలితం తర్వాతి తరంలో కనిపిస్తుంది. మరి మొదటి ప్రేరకం ఎక్కడి నుంచి వస్తుంది? 1986లో వచ్చిన ఒక పరిశోధన దీనికి అద్భుతమైన జవాబు ఇచ్చింది. అలైంగిక దశలో ఉన్న గోళాలను వేడికి గురిచేస్తే, వాటి మామూలు శరీర కణాలే ప్రేరకాన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. ఎండలకు ఆవిరైపోయే తాత్కాలిక నీటి గుంటల్లో నివసించే ఈ జీవికి వేడెక్కుతున్న నీరే రాబోయే కరువుకు సూచన. ఒక గోళానికి తగిలిన వేడి, ప్రేరకం రూపంలో గుంటలో ఉన్న అన్ని గోళాలకూ సమాచారమై చేరుతుంది. గుంట ఎండిపోయే లోపే ఎండను తట్టుకునే సంయుక్తబీజాలు సిద్ధమవుతాయి. నాకు ఈ మొత్తం అంశంలో అత్యంత ఇష్టమైన ఘట్టం ఇదే, ఎందుకంటే పరిసరాల సంకేతం జీవుల మధ్య సంకేతంగా మారే క్షణం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

నెలవంక ఆకారపు ఏకకణ శైవలం క్లోస్టీరియంలో కూడా సంకేతాలు ప్రోటీన్లే. జపాన్ పరిశోధకుడు హిరోయుకి సెకిమోటో బృందం దీన్ని దీర్ఘకాలం అధ్యయనం చేసింది. నత్రజని కొరవడిన నీటిలో, వెలుగులో, మైనస్ కణాలు ఒక ప్రోటీను వదులుతాయి. దానికి స్పందనగా ప్లస్ కణాలు మరో ప్రోటీనును వదులుతాయి. ఆ రెండో ప్రోటీను అందిన మైనస్ కణం తన కణకవచాన్ని విడిచి జీవపదార్థాన్ని బయటికి పంపుతుంది. కవచం విడిచిన కణం రక్షణ లేని స్థితిలో ఉంటుంది కాబట్టి, అవతలి పక్షం సిద్ధంగా ఉందని రూఢి అయ్యాకే ఆ పనికి దిగడం ఎంతో సహజం.

ఇప్పుడు దూరపు సంకేతమే లేని జీవి గురించి. ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఏకకణ ఆకుపచ్చ శైవలం క్లామిడోమోనాస్ రీన్‌హార్టీ నత్రజని అయిపోగానే సంయోగబీజాలుగా మారుతుంది, కానీ దానిలో ఒక రకం మరో రకాన్ని దూరం నుంచి పిలవదు. కణాలు ఈదుతూ యాదృచ్ఛికంగా ఢీకొంటాయి. గుర్తింపంతా కశాభాల మీదే జరుగుతుంది. ప్లస్ కశాభాల మీదా మైనస్ కశాభాల మీదా ఒకదానికొకటి అతుక్కునే పొడవైన గ్లైకోప్రోటీన్లు ఉంటాయి. అవి అంటుకోగానే కణాల లోపల సైక్లిక్ ఏఎంపీ అనే వార్తాహరి అణువు మోతాదు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. దాని ఆదేశంతో కణకవచాన్ని కరిగించే ఎంజైము విడుదలవుతుంది, ప్లస్ కణం ముందు భాగం నుంచి ఒక సన్నని నాళం పొడుచుకు వస్తుంది. చివరి మెట్టులో ప్లస్ వైపున ఎఫ్‌యూఎస్1, మైనస్ వైపున హాప్2 అనే ప్రోటీన్లు పొరలను దగ్గర చేర్చి కలుపుతాయి. ఈ హాప్2 నిర్మాణాన్ని 2017లో చూసినప్పుడు, కొన్ని వైరస్‌లు మన కణాల్లోకి చొరబడేందుకు వాడే ప్రోటీన్లకు అది దగ్గరి బంధువని తేలింది. మలేరియా పరాన్నజీవిలో కూడా అదే ప్రోటీను సంయోగానికి తప్పనిసరి. కణాలు కలిశాక ప్లస్ నుంచి ఒక ప్రోటీను, మైనస్ నుంచి ఒక ప్రోటీను జతకూడి సంయుక్తబీజానికి సంబంధించిన జన్యువులను మేల్కొల్పుతాయి. రెండు వైపుల నుంచీ వచ్చిన వాటా కలిస్తేనే తర్వాతి దశ మొదలవుతుంది. అయితే క్లామిడోమోనాస్ ప్రజాతి అంతా ఇలాగే ఉంటుందని అనుకోవద్దు. క్లామిడోమోనాస్ అలెన్స్‌వర్తీలో స్త్రీ సంయోగబీజాలు లర్లెనిక్ ఆమ్లం అనే ఆకర్షకంతో పురుష సంయోగబీజాలను రప్పిస్తాయని 1995లో నిరూపితమైంది. ఒక జాతిలో చూసినదాన్ని ప్రజాతి మొత్తానికి ఆపాదించడం ఈ రంగంలో తరచూ ఎదురయ్యే పొరపాటు.

ఇక్కడ ఒక పాత చరిత్రను గుర్తుచేయాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఆ పాత వాదనలు కనిపిస్తూ ఉంటాయి. 1930ల చివర్లో జర్మనీలో ఫ్రాంజ్ మోవస్, 1938 నోబెల్ గ్రహీత రిచర్డ్ కూన్‌తో కలిసి, కుంకుమపువ్వు రంగుకు కారణమైన క్రోసిన్ వర్గపు పదార్థాలే క్లామిడోమోనాస్ యూగామెటోస్‌లో లైంగిక హార్మోన్లని ప్రకటించాడు. వాటి రెండు రూపాల నిష్పత్తే కణం లింగాన్ని నిర్ణయిస్తుందని కూడా చెప్పాడు. 1939లోనే ఉర్సులా ఫిలిప్, జె.బి.ఎస్. హాల్డేన్ మోవస్ ఇచ్చిన అంకెలు సిద్ధాంతానికి సహజంగా సాధ్యమయ్యే దానికంటే మరీ దగ్గరగా ఉన్నాయని గణాంకాలతో ఎత్తిచూపారు. 1950ల మధ్యలో అమెరికాలో మోవస్ స్వయంగా పాల్గొన్న ప్రయత్నాల్లో కూడా ఆ ఫలితాలు రాలేదు. ఆ తర్వాత శాస్త్రలోకం వాటిని పక్కన పెట్టేసింది. దాని నీడ చాలాకాలం ఈ రంగం మీద ఉండిపోయింది.

ఈ చరిత్ర వల్లనే నేను ఫెరోమోన్ అన్న మాట వాడే ముందు నాలుగు సాక్ష్యాలు అడుగుతాను. ఒక రకం కణాలు పెరిగిన నీటిని వడకట్టి, కణాలు లేకుండా రెండో రకానికి ఇస్తే స్పందన రావాలి. అదే రకానికి తిరిగి ఇస్తే రాకూడదు. పలచన చేస్తూ పోతే స్పందన క్రమంగా తగ్గాలి. చివరిగా, పదార్థాన్ని శుద్ధిచేసి నిర్మాణం తెలుసుకుని, ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన అణువు కూడా అదే పని చేయాలి. వడకట్టిన నీటి పరీక్ష ఒక్కటే సరిపోదు. క్లామిడోమోనాస్‌లో అలాంటి నీటికి కణాలు గుంపులుగా అతుక్కుంటాయి, కానీ దానికి కారణం కశాభాల పొర నుంచి రాలిన చిన్న చిన్న పొర ముక్కలు. వాటి మీద అతుకుడు ప్రోటీన్లు ఉంటాయి కాబట్టి కణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. అది నీటిలో కరిగి వ్యాపించే సంకేతం కాదు. డైప్రోలిన్ ఈ నాలుగు పరీక్షల్లోనూ నెగ్గింది కాబట్టే దాని మీద అంత నమ్మకంగా మాట్లాడగలుగుతున్నాం.

దగ్గరి జాతుల సంకేతాలు కలగాపులగం కావా అన్న మూడో ప్రశ్నకు జవాబు గోధుమ శైవలాలలో స్పష్టంగా దొరుకుతుంది. ఆ శైవలాలు కంటికి కనిపించేవే అయినా, వాటి సంయోగబీజాలు సూక్ష్మమైనవే. కెల్ప్‌లు అనే భారీ గోధుమ శైవలాలలో అయితే లైంగిక తరమే సూక్ష్మ తంతువుగా ఉంటుంది. ఎక్టోకార్పస్‌లో స్త్రీ సంయోగబీజం ముందు ఒకచోట స్థిరపడి, తర్వాతే ఆకర్షకాన్ని వదులుతుంది. దగ్గరికి వచ్చిన పురుషబీజం వెనుక కశాభాన్ని విసురుతూ మలుపులు తిరుగుతుంది. గాఢత పెరిగేకొద్దీ దాని వలయాలు చిన్నవవుతూ స్త్రీబీజం చుట్టూ బిగుసుకుంటాయి. ఈ ఆకర్షకమే ఎక్టోకార్పీన్ అని డీటర్ మ్యూలర్ బృందం 1971లో ప్రకటించింది. శైవలాల్లో నిర్మాణం తెలిసిన మొదటి ఆకర్షకం అది. 1995లో విల్హెల్మ్ బోలాండ్, పోనర్ట్ తదితరులు దానికో ముఖ్యమైన సవరణ చేశారు. నిజంగా పనిచేసే అణువు దానికి ముందుండే మరో రూపమనీ, అది నీటిలో నిమిషాల్లోనే తనంతట తానే ఎక్టోకార్పీన్‌గా మారి, దాదాపు శక్తిహీనమవుతుందనీ చూపారు. ఈ క్షీణత లోపం కాదు. పాత సంకేతం నీటిలో మిగిలిపోతే దిక్కు చెరిగిపోతుంది. అణువు తానే చెరిగిపోవడం వల్ల తాజా మూలం ఎక్కడుందో ఎప్పుడూ తెలుస్తూ ఉంటుంది.

కెల్ప్‌లలో కూడా సమయమే ప్రధానం. లామినేరియాలో అండాలు చీకటి పడిన తొలి గంటలోపే బయటపడతాయి, నీలి వెలుగు ఉంటే ఆగిపోతాయి. అండం వదిలే లామోక్సిరీన్ తగలగానే పురుష అవయవాల నుంచి పురుషబీజాలు కొన్ని సెకన్లలోనే ఎగజిమ్మబడతాయి, ఆ తర్వాత అదే అణువు వాటిని అండం వైపు నడిపిస్తుంది. ఒకే పదార్థం ముందు విడుదల గడియను నిర్ణయించి, తర్వాత దారి చూపడం ఇక్కడి విశేషం.

అయితే లామోక్సిరీన్ ఒక్క జాతి సొత్తు కాదు, కెల్ప్‌లలో అనేక ప్రజాతులు దాన్నే వాడతాయి. హార్మోసిరీన్ అనే మరో ఆకర్షకాన్ని కూడా పరస్పరం దూరమైన శైవలాలు పంచుకుంటాయి. ఫ్యూకస్ అనే గోధుమ శైవల ప్రజాతిలో సెరాటస్, వెసిక్యులోసస్, స్పైరాలిస్ జాతులు మూడింటికీ ఆకర్షకం ఫ్యూకోసెరాటీనే. కాబట్టి మీ అనుమానం సరైనదే, దూరపు పిలుపులో జాతి పేరు ఉండదు. జాతిని వేరుచేసే పని రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, ఏ జాతి ఏ ఋతువులో, ఏ లోతులో, ఏ గడియలో బీజాలను వదులుతుంది అన్న చోట. రెండోది, స్పర్శ దగ్గర. ఫ్యూకస్ అండం ఉపరితలం మీద ఉన్న చక్కెరలతో కూడిన ప్రోటీన్లకు తగిన గ్రాహకాలు పురుషబీజం మీద ఉంటేనే అతుకు నిలుస్తుంది. వేరే జాతి పురుషబీజాలు పిలుపు విని వచ్చినా ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి. ఎక్కువగా అనడానికి కారణం ఉంది. ఈ స్పర్శ పరీక్ష ప్రతిసారీ నూటికి నూరుపాళ్లు పనిచేయదు. ఫ్యూకస్ సెరాటస్‌కూ, ఫ్యూకస్ డిస్టికస్‌కూ మధ్య పుట్టిన సంకరాలను ఆ రెండు జాతులు కలిసి పెరిగే తీరాల్లో ప్రకృతిలోనే గుర్తించారు.